హెల్త్ కార్డు చెల్లే డాక్టరమ్మ

ఒకరోజు సాయంత్రం మా ఆయన కుట్టు దుకాణం మూసి, ఒక్క కాలి చెప్పుతోనే ఇంటికొచ్చాడు. గడప దగ్గర చూసి నేను పకపకా నవ్వాను.

"ఏందయ్యా, రెండోది ఎవలికి దానం చేసొచ్చినవ్?"

ఆయన వంగి చూసుకున్నాడు. అప్పటిదాకా సంగతి ఆయనకే తెలియదు. కుడికాలి చెప్పు ఎక్కడ జారిందో ఏమో, యాకుత్‌పురా స్టేషన్ పక్క గల్లీలోని దుకాణం నుంచి ఇంటిదాకా కంకర మీద ఉత్తకాలితో నడిచొచ్చాడు. అరికాలి నిండా మట్టి. బొటనవేలి కింద చిన్న గాటు, దాని చుట్టూ నెత్తురు. "నొస్తలేదా?" అని అడిగితే "లేదే, ఏం లేదు" అన్నాడు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆయనకు షుగర్ వచ్చి పన్నెండేళ్లు. ఎప్పుడో ఒక డాక్టర్ రాసిచ్చిన చీటీ, మడతల దగ్గర చిరిగిపోతే బట్ట పీలిక అతికించి మరీ దాచుకున్నాడు. దర్జీ బుద్ధి! ఆ చీటీ చూపించి మందుల షాపులో అవే గోళీలు తెచ్చుకుంటాడు. డాక్టర్ దగ్గరికి పోదామంటే మాత్రం మొండికేస్తాడు. నేను మలక్‌పేటలోని సర్కారు బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యాను. నాకు ప్రభుత్వ హెల్త్ కార్డు ఉంది, అందులో ఆయన ఫొటో కూడా ఉంది. ఆయన వాదనంతా ఆ కార్డు మీదే.

"ఆ కార్డు చెల్లే డాక్టర్‌ను చూపెట్టు, వస్త. కార్డు ఉండంగ ఉత్తగ పైసలు వెట్టి నేను రాను."

పంతానికి నేను మాత్రం తక్కువదాన్నా? మర్నాడే మొదలుపెట్టాను. మొదట ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి, కౌంటర్ వెనక నవ్వుమొహం అమ్మాయి. కార్డు చూసి, "అడ్మిట్ అయితేనే చెల్లుతుందమ్మా, ఓపీకి కాదు. అడ్మిట్ అవుతారా?" అంది. "షుగర్ చూపించుకునేటందుకు మంచం ఎక్కాల్నా?" అని మా ఆయన బయటికి నడిచాడు. రెండోచోట కార్డు తీసుకుంటారు గానీ అక్కడున్నది ఎముకల డాక్టర్ ఒక్కడే. షుగర్, బీపీ, గుండె, కడుపు అన్నీ కలిపి చూసే ఎండీ డాక్టర్ పోయిన నెలలోనే మానేశాడట. మూడోచోట ఉదయం నుంచి కూర్చోబెట్టి, మధ్యాహ్నం సిస్టం పనిచేయడం లేదన్నారు. ఇంటికొచ్చేసరికి నాకు ఒళ్లంతా మంట. ఆయనేమో ఇరానీ చాయ్ తాగుతూ తీరిగ్గా పేపరు చదువుకున్నాడు. ఆ తీరుబడి చూస్తే కప్పు లాగి పారేయాలనిపించింది.

అక్క వరసలో నేను ఆపా అని పిలిచే మా పక్కింటామెతో ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ఆమె భర్త కరెంటు డిపార్టుమెంటులో చేసేవాడు. ఇరవై ఏళ్లుగా గోడకు గోడ ఇల్లు. ఒకరింట్లో పోపు పెడితే ఇంకొకరింట్లో తుమ్ముతారు.

"అరే, ముందే నన్నడగొద్దా? ఫికర్ నక్కో, రంది వెట్టుకోకు! మా దబీర్‌పురా డాక్టరమ్మ తాన మన అసొంటి పింఛనోళ్లకు ఓపీల గూడ కార్డు నడుస్తది. నా బీపీ ఎవలు చూస్తున్నరనుకున్నవ్?"

దబీర్‌పురా! మా ఇంటి నుంచి నడిస్తే పావుగంట. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. "ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పినవా ఆపా?" అని ఆమె మీదే ఎగిరాను. "నువ్వడిగినవా?" అంది ఆమె. నిజమే, అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. అదొక చిన్న నర్సింగ్ హోమ్. ఇంకా తలుపు తీయలేదు. మెట్ల దగ్గర మనుషులెవరూ లేకపోయేసరికి, మనమే మొదటివాళ్లమని సంబరంగా వెళ్లి నిలబడ్డాను. ఎదురుగా వేపచెట్టు నీడలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. "అమ్మా, కింద చూడు, కింద!" అన్నాడొక ముసలాయన. మెట్ల మీద ప్లాస్టిక్ ఫైలు కవర్లు వరుసగా పరిచి ఉన్నాయి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి. అక్కడ లైన్‌లో నిలబడేవి కవర్లు, మనుషులు కాదు. మాది పదకొండోది. సిగ్గుపడుతూ కవర్ పెట్టి, నేనూ ఒక రాయి వెతుక్కున్నాను. ఎవరి కవర్‌నీ ఎవరూ జరపరు. అంత పద్ధతి మా బడిలో పిల్లలకు ఏనాడూ రాలేదు.

తలుపు తీశాక కౌంటర్‌లో వేలిముద్ర అడిగారు. మా ఆయన బొటనవేలు పడలేదు. చూపుడువేలూ పడలేదు. నలభై ఏళ్లు కత్తెర, సూది, ఇస్త్రీపెట్టె పట్టిన వేళ్లు, గీతలెక్కడ మిగులుతాయి? "ఇగ కాదులే, పోదాం పా" అని ఆయన లేవబోయాడు. నేను ఆయన చేయి పట్టుకుని చిటికెన వేలు మిషన్ మీద నొక్కాను. పచ్చలైటు వెలిగింది. ఆపా "మాషా అల్లా" అంది.

డాక్టరమ్మకు నలభై ఏళ్లుంటాయి. తొందర లేని మనిషి. మా ఆయన జేబులోంచి ఒక చీటీ తీసి దర్జాగా ఆమె ముందు పెట్టాడు. పోయిన నెల గల్లీలో ఉచిత క్యాంపు పెట్టినప్పుడు వేలు గుచ్చి చూసిన షుగర్, నార్మల్ అని ఉంది. ఆమె అది చూసి, "మంచిగుంది. గోళీలు రోజూ వేసుకుంటున్నరా?" అని అడిగింది.

"ఏసుకుంటనమ్మా."

"సరే, మూడు నెలల షుగర్ ఎట్లుందో చెప్పే పరీక్ష ఒకటుంది. అది గూడ చూద్దాం."

ఆయన మొహం మాడిపోయింది. ఆ చీటీ మళ్లీ మడతపెట్టుకుంటూ మెల్లగా బయటపెట్టాడు. క్యాంపు ఉందని తెలిస్తే మూడు రోజుల ముందు నుంచే గోళీలు మింగుతాడట, అన్నం మానేసి కాకరకాయ రసం తాగుతాడట. క్యాంపు అయిపోయాక గోళీలు మళ్లీ డబ్బాలోకి. పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టే పిల్లల్ని బడిలో వేలమందిని చూశాను గానీ, ఇంట్లోనే ఒకడున్నాడని నాకు తెలియలేదు. కోపంతో నోరు తెరవబోతే డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమంది. సన్నటి ప్లాస్టిక్ పోగు ఒకటి తీసి, "కాలికి తగిలినప్పుడల్లా చెప్పండి" అంది. ఎడమ అరికాలికి ఆనించింది. "ఆ... తగిలింది" అన్నాడు. కుడికాలికి వచ్చింది. మడమకు, మధ్యలో, గాటు పక్కన, వేళ్ల కింద ఆనించింది. ఆయన నోరు మెదపలేదు. చివరికి ఆయనే అడిగాడు.

"ఇంక మొదలువెట్టలేదా డాక్టరమ్మా?"

నేను కుర్చీలోంచి లేచి బల్ల దగ్గరికి వెళ్లాను.

ఆమె దాచలేదు, భయపెట్టలేదు. కుడిపాదంలో స్పర్శ చాలా పోయిందని, అది పూర్తిగా తిరిగి రాకపోవచ్చని చెప్పింది. అయితే పాదంలోకి రక్తం బాగానే పారుతోంది, గాటు పైపైనే ఉంది, సమయానికే వచ్చారంది. రోజూ గోళీలు, చీము పట్టకుండా గాటుకు కట్టు, రోజూ ఒకసారి పాదాలు రెండూ పరీక్షగా చూసుకోవడం, ఇంట్లో కూడా చెప్పులు. "ఇవి చేస్తే కాలుకు ఏం కాదా?" అని ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆమె విసుక్కోకుండా, కాపాడుకోవచ్చని చెప్పింది.

ఆపా మందుల దగ్గర ఆగింది. మేమిద్దరం రోడ్డు మీదికి వచ్చాం. కొంతదూరం నడిచాక ఆయన ఆగాడు.

"మా బాపుకు గూడ గిట్లనే మొదలైందే. దవాఖానకు తోల్కపోతే, మోకాలి కాడికి తీసేసిన్రు. కార్డు చెల్లదని ఒక్కో తాన అంటుంటే, లోపల్లోపల నాకు ఖుషీ అయితుండె."

మా మామగారి కాలు సంగతి నాకు తెలుసు గానీ, ఆ చాయ్ తీరుబడి వెనక ఉన్నది అదేనని అప్పుడు అర్థమైంది. తిట్టాలో ఏడవాలో తెలియక, నడిరోడ్డు మీద రెండూ చేశాను. ఆటోవాళ్లు హారన్లు కొట్టారు. ఆయన నా మోచేయి పట్టుకుని పక్కకు తీసుకొచ్చాడు.

గాటు మానడానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు రోజూ దుకాణం నుంచి రాగానే కాళ్లు కడుక్కుని నా ఎదురుగా కుర్చీలో కూర్చుంటాడు. నేను కళ్లజోడు పెట్టుకుని, పాదం ఒళ్లోకి తీసుకుని వేళ్ల సందులు కూడా చూస్తాను. "పెండ్లిల మా నాయిన నీ కాళ్లు కడిగిన నాడు గూడ ఎవలూ గింత శ్రద్ధగ చూడలే" అని ఏడిపిస్తాను. ఆయన నవ్వుతాడు గానీ, కుడికాలు చూస్తున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉంటాడు.

"ఏమున్నదే?" అంటాడు.

"ఏం లేదు" అంటాను. రోజూ ఆ మాట అబద్ధం కాకుండా చెప్పగలుగుతున్నాను. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.