వీపు చూసి వదలాలి

మా పక్కింటి టీచరుగారు పోయారు. రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను మా వరండాలో ఆవిడ కోడిపిల్లలకి నూకలు వేస్తున్నాను. జ్వరం ఊపిరితిత్తులకి దిగిందట. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నా కోపమే ముందుకొస్తోంది. చదివేవాళ్లు మన్నించాలి.

నరసాపురంలో ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకోని ఇల్లు మా వీధిలో లేదు. రిటైరయ్యాక కోళ్లు పెంచుకున్నారు. ఈమధ్య తల్లికోడిని కుక్క ఎత్తుకుపోతే, దాని పిల్లల్ని వరండాలో అట్టపెట్టెలో పెట్టి పైన బల్బు వేలాడదీశారు. రోజూ ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని వీపు మీద మెల్లగా ఊదేవారు. నూగు చెదిరి చర్మం కనబడితే మళ్లీ పెట్టెలోకే. ఈకలు నిండుగా పరుచుకున్నాక కాసేపు ఎండలో తిప్పి, పొద్దు వాలకముందే లోపలికి తెచ్చేవారు. చివరికి బల్బు ఆర్పి చూసేవారు. ఒకదాని మీద ఒకటి ఎక్కి అరిస్తే ఇంకా వేళ కాలేదని, విడివిడిగా పడుకుంటే ఇక బయట ఉండగలవని లెక్క.

“ఎండ చూసి వదలకూడదమ్మా, వీపు చూసి వదలాలి. ఎండదేముంది, ఇప్పుడుంటుంది, ఇంకాసేపటికి ఉండదు” అనేవారు.

మా అబ్బాయిని చిన్నప్పుడే హాస్టల్లో వేద్దామనుకున్నప్పుడు ఆవిడ నన్ను ఒక్కటే అడిగారు, దీపం ఆర్పితే వాడు ఒక్కడే పడుకుంటాడా అని. పడుకోడండి అన్నాను. అయితే ఇంకో ఏడాది ఆగమన్నారు. మీకెందుకండీ అనబోయి ఊరుకున్నాను. ఆగాను. ఏడాది తిరిగాక వాడు తనంతట తనే పెట్టె సర్దుకుని వెళ్లాడు. దానికి ఆవిడకి నేనెప్పుడూ సరిగ్గా దండం కూడా పెట్టలేదు.

జ్వరం రాకముందు ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లారు. ఇంట్లో కొడుకు అత్తవారి వైపు చుట్టాలకి భోజనాలు. పిల్లల్ని ఇంకో వారం కదపొద్దని ఆవిడ ముందురోజే కొడుక్కి చెప్పారు. నేను గోడకి ఇవతల బట్టలు ఆరేస్తూ విన్నాను. అతను మాత్రం చుట్టాలకి వాసనొస్తుందని పెట్టె తీసుకెళ్లి పిల్లల్ని పెరట్లో కుమ్మరించేశాడు. మధ్యాహ్నానికి వాన దంచికొట్టింది.

కోడిపిల్లల గోల విని నేను పరిగెత్తేసరికి ఆవిడ చర్చి చీరతోనే బురదలో మోకాళ్ల మీదున్నారు. అరటిచెట్ల మొదట్లోంచి పిల్లల్ని ఏరి కొంగులో వేసుకుంటున్నారు. ఇద్దరం కలిసి అన్నిటినీ వరండాలోకి చేర్చాం. చీర మార్చుకోండి టీచరుగారూ అని మొత్తుకున్నాను. ముందు వీటిని ఆరనీ అమ్మా అంటూ తువ్వాలుతో ఒక్కోదాన్నీ ఒత్తుతూ కూర్చున్నారు. రెండు ఆవిడ ఒళ్లోనే చచ్చిపోయాయి. ఆవిడ మీద కూడా నాకు కోపమే. తన వీపు ఎవరు చూస్తారనుకున్నారో.

లోపల చుట్టాలు బిరియానీ తింటున్నారు. కొడుకు చెయ్యి కడుక్కుని వచ్చి, “ఎండగానే ఉంది కదమ్మా అప్పుడు” అన్నాడు. ఆవిడ ఇంకోదాన్ని తువ్వాల్లోకి తీసుకున్నారు. రెండు రోజులకి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. మిగిలిన పిల్లల్ని నేను మా ఇంటికి తెచ్చుకున్నాను.

సమాధుల తోటలో ఎవరో ఎలా జరిగిందని అడిగితే అతను చెప్పిన మాట ఇది. “అమ్మకి కోళ్ల పిచ్చండి. చెప్తే వినేవారు కాదు.” పక్కవాళ్లు పాపం అని తలలూపారు. వీధంతా ఇప్పుడు అదే మాట. కాదు. ఆవిడది పిచ్చి కాదు. ఆవిడ చెప్పారు, వినకపోయింది అతను. ఇది రాయడం అందుకే.

నిన్న అతను మా గేటు దగ్గర ఆగి, పెద్దవయ్యాయి కదండీ, ఇంకా లోపలే పెట్టారేంటండీ అన్నాడు. నేను అన్నిటికంటే చిన్నదాన్ని పెట్టెలోంచి తీసుకొచ్చి, గేటు మీంచి అతని ముఖం దగ్గరికి పట్టుకుని, వీపు మీద ఊదాను. నూగు చీలి ఎర్రటి చర్మం కనబడింది. అతను ముఖం తిప్పుకోబోయాడు.

నేను మళ్లీ ఊదాను.