చెకుముకి మీద సిందూరం

నేను షార్జాలోని అమ్మాయి ఇంటికి చేరి అప్పటికి రెండేళ్లు దాటింది. కరోనా భయం సద్దుమణిగి, రోలా బజారులో జనం మళ్లీ భుజాలు ఒరసుకొంటూ నడిచే రోజులు వచ్చాయి. ఆ ఏటి విజయదశమి నాడు మా అల్లుడు నన్ను తన కొలువుకు వెంటబెట్టుకొని వెళ్లాడు. ఎడారి అంచున ఉన్న ఒక తుపాకి క్లబ్బులో అతనిది ఆయుధాల సంరక్షణ. సభ్యుల తుపాకులను తుడిచి, సరిచూసి, కాల్చేవేళ పక్కన నిలబడాలి. పరాయి చెయ్యి వాటిని తాకకుండా చూడటం ఆ ఉద్యోగానికి మొదటి షరతు.

ధనుర్విద్య నాకు పుస్తకాలలోనే పరిచయం. కావ్యాలలోని అస్త్రపరీక్షా ఘట్టాలను గొంతెత్తి చదివి తరగతిని నిశ్శబ్దం చేసినవాణ్నే కాని, నిజమైన ఆయుధాన్ని చేతికందే దూరంలో చూసి ఎరుగను. ఒక వృద్ధ అరబ్బు తన తాతగారి నాటి చెకుముకి తుపాకిని ఆ రోజు కాలుస్తాడని విన్నప్పుడు నాకు కలిగిన ఉబలాటం నా వయసుకు తగినది కాదు.

దాని సంగతి అల్లుడు కారులోనే చెప్పాడు. గొట్టం లోపల గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. మందూ సీసపు గుండూ మూతిలోంచే కూరాలి. చెకుముకి రాయి ఉక్కు పలకను కొడితే నిప్పురవ్వలు రాలి మందు అంటుకొంటుంది. కిందటి శీతకాలంలో అది ఒకసారి అంటుకోలేదట. మందు దట్టించి ఉండి పేలని తుపాకి చుట్టూ ఉన్నవారికి ప్రమాదమని, ఈసారి కూడా మొరాయిస్తే ఇక కాల్చనివ్వననీ, గుమ్మం పక్కనున్న అద్దాల బీరువాలో పెట్టించేస్తాననీ ముదీర్, అంటే ఆ క్లబ్బు మేనేజరు, తేల్చి చెప్పాడు. పెద్దాయన ఒప్పుకొన్నాడు.

ఆ పెద్దాయన పడుచుతనంలో బొంబాయితో వర్తకం చేసినవాడు, హిందీ ధారాళంగా మాట్లాడతాడు. నేను పంతులునని తెలిసి ‘ఉస్తాద్’ అని పిలుస్తూ తన పక్కనే కుర్చీ వేయించాడు. పేలినన్నాళ్లే ఇది తుపాకి, ఆ తరువాత ఉత్త ఇనుమని నవ్వుతూ అన్నాడు. నవ్వుతున్నా ఆయన చెయ్యి మాత్రం తుపాకి మడమ మీది నుంచి కదలలేదు.

సాయంకాలపు నమాజుకు వేళ కావడంతో ఆయన ఖాళీ తుపాకిని బల్ల మీద ఉంచి లేచాడు. అంతలో పక్క వరుసలో ఎవరో అల్లుణ్ని పిలిచారు.

“గీడనే కూసోండ్రి మామా, ఇప్పుడే వస్త. దేనికీ చెయ్యి పెట్టకుండ్రి.”

తల ఊపాను.

ఆ ఉదయమే మా అమ్మాయి ఇంట్లో కత్తిపీట మొదలు కారు వరకు అన్నింటికీ బొట్లు పెట్టింది. మూడు తరాల ఆయుధం పండుగపూట బోసి నుదుటితో పడి ఉండటం నాకు సహింపరానిదయింది. సహించమనీ మానమనీ నన్నెవరూ అడగలేదు. జేబులో, నేను రోజూ బొట్టు పెట్టుకోవడానికి ఊళ్లోని ఆంజనేయస్వామి గుడి నుంచి తెచ్చుకొన్న సిందూరపు భరిణె ఉంది. నువ్వులనూనెతో తడిపిన సిందూరం. రాయికి ఎదురుగా నిటారుగా నిలిచిన ఆ ఉక్కు పలక అచ్చం నుదురులాగే మెరుస్తోంది. దాని నడుమ బొట్టు పెట్టి, కన్నులు మూసుకొని ఒక శ్లోకం చెప్పుకొన్నాను.

అడుగుల చప్పుడు వినిపించిన తరువాత గాని ఆ ఆయుధం ఎవరిదో నాకు స్ఫురించలేదు. బొటనవేలితో గబగబ తుడిచాను. రంగు పలచబడింది, పోయిందనే అనుకొన్నాను. నూనె మాత్రం పలకంతా పరచుకొంది.

పెద్దాయన వచ్చాడు. అల్లుడు మందు పోసి, గుడ్డ చుట్టిన గుండును కడ్డీతో దిగవేసి, పలక కింది చిన్న దొప్పలో మెత్తని మందు చల్లాడు. పెద్దాయన తుపాకి మడమను భుజానికి ఆనించి గురి చూశాడు. మీట నొక్కాడు. టక్కుమని రాయి పడింది. ఒక్క రవ్వ లేదు. మందు ఆలస్యంగా అంటుకొంటుందేమోనని మూతిని గురివైపే ఉంచి కాసేపు ఆగారు. మళ్లీ ఎక్కుపెట్టి నొక్కాడు. మళ్లీ అదే పొడి చప్పుడు.

“ఖలాస్, బాబా,” అన్నాడు ముదీర్, మెల్లగానే.

అల్లుడు మందు తీసివేసిన తరువాత పెద్దాయన పలక మీద వేలితో రాసి చూశాడు. వేలు నారింజ రంగుకు తిరిగింది; జిడ్డు పట్టిన పలక నుంచి రవ్వ రాలదు. ఆయన చూపు ఆ వేలి నుంచి నా ముఖానికి వచ్చింది; అదే రంగు నా నుదుట ఉంది. అల్లుడూ చూశాడు. అతని ముఖాన నెత్తురు చుక్క లేదు.

ఏమయిందని ముదీర్ అడిగాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. పెద్దాయన ఒకసారి అల్లుడి వంక చూసి, వేలిని పిడికిట్లో దాచుకొన్నాడు. రాయి అరిగిందనీ, మార్చుకోకపోవడం తన తప్పేననీ చెప్పాడు. ఎవరి కొలువును కాపాడటానికి ఆయన తాతగారి తుపాకిని వదులుకొన్నాడో నాకు అర్థమయింది. అర్థమయింది కనుకనే నిజం చెప్పనక్కరలేదని నన్ను నేను సమాధానపరచుకొని తిరిగి కూర్చున్నాను. నిజం చెప్పి ఉంటే అల్లుడికి నష్టమే, అది సత్యమే. కాని ఆ క్షణాన నా మోకాళ్లను వంచింది అల్లుడి మీది ప్రేమ కాదు, సిగ్గు.

తిరుగుదారిలో రోలా దగ్గర సిగ్నలు పడ్డప్పుడు, అల్లుడు రోడ్డు వైపే చూస్తూ అన్నాడు:

“బొట్టు పెట్టిన్నని ఒక్క మాట చెప్తే నేనే తుడుద్దును గద, మామా.”

నేను జేబురుమాలు తీసి బొటనవేలికి అంటిన రంగును తుడుచుకొన్నాను.

కొన్నాళ్లకు క్షమాపణ అడగాలని క్లబ్బుకు వెళ్లాను. తుపాకి అద్దాల బీరువాలో ఉంది. పెద్దాయన దాని ఎదుటి కుర్చీలో కూర్చొని కాఫీ తాగుతున్నాడు. హిందీలో కూర్చుకొని వెళ్లిన వాక్యాలలో మొదటిది నా నోట పూర్తి కాకముందే ఆయన లేచి, తాళం తీసి, బీరువా తలుపు నా కోసం పట్టుకొన్నాడు.

“ఇప్పుడు పెట్టు, ఉస్తాద్,” అన్నాడు. “ఇక దీనికి నిప్పుతో పని లేదు.”

గొంతులో కోపం లేదు, ఎకసెక్కమూ లేదు. భరిణె నా జేబులోనే ఉంది. తలుపు పట్టుకొని ఆయన చాలాసేపు నిలబడ్డాడు. నా చెయ్యి జేబు దాకా పోలేదు.