తల్లి నుంచి రాని జబ్బు

మా తమ్ముడు రాంబాబు కన్నుమూశాడని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కాలేజీలో పాఠం చెబుతున్నాను. ఆ వార్త అశనిపాతమే. నలభై నాలుగేళ్ల మనిషిని రక్త కాన్సర్ ఏడాదిలో తీసుకుపోయింది. వారం గడిచినా నమ్మబుద్ధి కావడం లేదు.

భీమవరం రొయ్యల రైతులకు అతన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు. హేచరీలో పొదిగించిన రొయ్యపిల్లల్ని, అంటే సీడ్‌ని, చెరువులో వదిలే ముందు వైరస్ ఉందేమోనని అతని ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష చేయించుకునేవారు. డిగ్రీ మధ్యలో మానేసినా అతని మాటే వేదవాక్కు. ఒక రైతు, "ఈ సీడ్ బాగుందని రాసెయ్యండి రాంబాబుగారూ, హేచరీ మావాళ్లదేనండి" అన్నాడట. "రాస్తానండి. కానీ నా కాగితం చూసి బతకడానికి రొయ్యకి చదువు రాదు కదండీ!" అన్నాడట మావాడు. ఊరంతా చెప్పుకుని నవ్వింది. జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన నన్ను మాత్రం, "రాంబాబుగారి అన్నయ్యగారా?" అని అడిగేవారు. కడుపు మండేది. దాచడమెందుకు, ఇప్పటికీ మండుతోంది.

జబ్బు బయటపడగానే అమ్మ అన్నం మానేసింది. తల్లిరొయ్యలో ఉన్న వైరస్ పిల్లలకు వస్తుందని మా వైపు అందరికీ తెలుసు. ఆ లెక్కనే, "నా రక్తంలోంచే వచ్చిందిరా, నేనే వాణ్ణి చంపుకుంటున్నాను" అని కుమిలిపోయింది. ఇది జన్యువుల్లో వచ్చిన మార్పే అయినా వంశపారంపర్యం కాదనీ, అతని ఎముకమజ్జలో ఎప్పుడో ఒక కణంలో రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో మొదలైందనీ బొమ్మ గీసి మరీ గంటసేపు చెప్పాను.

"నీకేం తెలుసురా? పుస్తకంలో చదివి చెబుతావు" అంది.

మర్నాడు రాంబాబు ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చున్నాడు. "అమ్మా, ఇక్కడ నాకు చేసింది కూడా పీసీఆరేనమ్మా. నీ దగ్గర్నించి సీడ్ శుభ్రంగానే వచ్చింది. చెడింది చెరువులో పడ్డాకే. లే, తిను" అన్నాడు. అమ్మ లేచి తింది. నేను చెప్పిందీ అదే. మృత్యుముఖంలో ఉన్న తమ్ముణ్ణి చూసి, సిగ్గులేకుండా అసూయపడ్డాను.

నిన్న అమ్మ మళ్లీ కంచం తోసేసింది. "నన్ను ఊరడించడానికే వాడలా అన్నాడేమోరా. నువ్వు చదువుకున్నవాడివి, నిజం చెప్పు" అంది. బతుకంతా ఆ మాట కోసమే ఎదురుచూశాను.

"వాడు చెప్పిందే నిజమమ్మా" అన్నాను.

తమ్ముడూ, అంతకంటే పెద్ద నివాళి నాకు చేతకాదు. అన్ననై ఉండీ నీ తరవాతివాడిగా ఉండే అదృష్టం కూడా నాకిక లేదు.