పేర్లు చక్కబడును

మైదుకూరులో మా బండల అంగడి బోర్డు ఎండకు వెలిసిపోయింది. కొత్తగా రాయించాలని పెయింటరును పిలిచాను. అతను నిచ్చెనెక్కి పాత బోర్డును చదువుతూ, ఏది ఉంచాలో ఏది తీయాలో అడిగాడు.

"నాపరాతి బండలక్కా?"

"ఉంచప్పా." ఇళ్లలోకి టైల్సు వచ్చినా, గొడ్ల కొట్టాలకు, వాకిళ్లకు ఇంకా మా బండే కావాలి.

"వంటింటి గట్లు?"

"తీసేయ్." ఇప్పుడందరికీ గ్రానైటే కావాలి. వంట చేస్తూ ముఖాలు చూసుకుంటారేమో!

"బట్టలుతికే బండలు?"

వాషింగ్ మెషిన్ ఉన్నవాళ్లు కూడా కొంటున్నారు. ఉండనిమ్మన్నాను.

చివరి లైను దగ్గర అతను నవ్వాడు. "'సమాధి రాళ్ల మీద పేర్లు చక్కబడును.' చెక్కబడును అని కదక్కా ఉండాల్సింది?"

ఆ బోర్డు మా ఆయన స్వయంగా రాసింది. రాయి ఆయన మాట వినేది, అక్షరాలు వినేవి కావు. మొదటిరోజే చూసి, "చెడిపోయిన పేర్లు తెస్తే బాగుచేస్తావా ఏంది?" అని పడీపడీ నవ్వాను. ఆయన దిద్దలేదు. "దిద్దితే నువ్వు మళ్ల నవ్వవు గదా" అన్నాడు. అప్పటినుంచి బండ మీద సుద్దముక్కతో పేరు నేను రాసేదాన్ని, ఆ గీతల వెంట ఆయన చెక్కేవాడు. చర్చి వెనక సమాధుల్లో సగం మా ఇద్దరి చేతిపనే.

ఆయన పోయి రెండేళ్లు. ఆయన రాయి మీద పేరు వేరే మనిషితో చెక్కించాను. బాగానే ఉంది, నాకే నచ్చలేదు.

"ఇప్పుడు చెక్కేటోళ్లు ఎవురూ లేరు కదక్కా, చెరిపేద్దునా?"

"ఉండనీ. తప్పు కూడా దిద్దొద్దు."

"జనాలొచ్చి అడుగుతారు. ఏం చెప్తావు?"

అడగాలనే ఉంచుతున్నానని అతనికెలా చెప్పను? నేను ఏడుస్తానని మా కూతురు ఫోన్లో ఆయన మాటే ఎత్తదు. ఇరుగుపొరుగూ అంతే. ఆయన లేకపోవడం ఒక బాధ, ఆయన గురించి మాట్లాడే మనిషి లేకపోవడం అంతకన్నా పెద్ద బాధ.

పోయిన వారం ఒకాయన తల్లి సమాధికి రాయి కావాలని వచ్చాడు. కొత్త బోర్డు చదివి, "పేర్లు చెక్కే అన్న యాడికి పోయినాడమ్మా?" అన్నాడు.

గబగబా కుర్చీ వేశాను. బోర్డులో తప్పు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. వచ్చినాయన ఓపికగా విన్నాడు. విని, పేర్లు చెక్కే అంగడి ఇంకేదైనా ఉందా అని అడిగాడు.

దారి చెప్పాను.