ఒకే ముహూర్తానికి రెండు పెట్టెలు

ఆకాశమంతా ఖాళీగా ఉన్న రోజున, ఒకే ఒక్క గ్లైడర్ ఎగురుతుంటే, దాని వెనకాల ఇంకో విమానాన్ని పుట్టించిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. నకిరేకల్ అవతల ఎర్రమట్టి మైదానంలో ఒక చిన్న గ్లైడింగ్ క్లబ్బు ఉండేది. రెండు గ్లైడర్లు, ఒక రేకుల షెడ్డు, వాటిని నడిపే జనార్దన్ సారు. టీవీలు బాగుచేసే నన్ను ఆయనే పిలిపించుకున్నారు. గ్లైడర్‌కు ఇంజను ఉండదు, చప్పుడు రాదు. పక్కకే ఇంకోటి వచ్చినా తెలియదు. అందుకని రెండింటికీ చెరో హెచ్చరిక పెట్టె తెప్పించారు. గాలిలో ఒకదాన్నొకటి పసిగట్టి కీకీమని అరవడమే వాటి పని. నేల మీద కదలకుండా ఉంటే మాత్రం నోరు మెదపవు.

"యాదగిరీ, పెట్టెలు మంచిగ పనిజేస్తే నిన్ను గ్లైడర్ల ఎక్కించుకుంట," అన్నారు సారు.

"నిజంగనా సార్?"

"నిజంగనే. పనిజెయ్యకపోతే టీవీలకాడికే పో."

ఇంకేముంది, నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నేనెక్కిన ఎత్తల్లా కేతేపల్లిలో మా ఇంటి డాబానే. మా ఊరిని పైనుంచి ఒక్కసారి చూడాలని పిచ్చి ఆశ.

ఇక్కడే నా బుర్ర పనిచేసింది. మా ఊళ్లో బోరు మోటరు బిగించినా ముహూర్తం చూడనిదే మీట నొక్కరు. నేనూ గుడి అయ్యగారిని అడిగి మంచి గడియ పెట్టించాను. పెట్టెలకు పసుపు రాసి బొట్లు పెట్టాను. చిక్కేమిటంటే, గ్లైడర్‌ను మోకుతో గుంజి పైకి లేపే యంత్రం మాకు ఒక్కటే. మొదటిది లేచి రెండోది లేచేసరికి రాహుకాలం వచ్చేస్తుంది. పాపం, రెండో పెట్టె ఏం పాపం చేసింది? దానికి బ్యాటరీ తగిలించి, మీట నొక్కి, తువ్వాలలో చుట్టి, సారు ఎక్కే గ్లైడర్‌లోనే వెనక సీటు కింద సంచిలో పెట్టేశాను. రెండూ ఒకే గడియలో నేల విడుస్తాయి కదా! నా తెలివికి నేనే మురిసిపోయాను. సారుకు మాత్రం చెప్పలేదు. ఆయనకు ముహూర్తాలంటే గిట్టదు.

గ్లైడర్ లేచిన కాసేపటికి రేడియోలో సారు గొంతు వినబడింది.

"యాదగిరీ, నా ఎన్క ఎవడొస్తున్నడు?"

"ఎవ్వరు లేరు సార్."

"మరి పెట్టె ఒర్రుతాంది గదా! నేను ఎడమకు తిరిగితే వాడు గూడ తిరుగుతుండు."

మెడ పట్టేసేలా పైకి చూశాను. గద్ద కూడా లేదు.

"ఇంకింత పైకి పోండ్రి సార్!"

"పోయిన. వాడు గూడ వచ్చిండు. అరే, ఎంత దగ్గరికొచ్చిండంటే, వాని పెట్టె ఒర్రుడు గూడ నాకు ఇనబడుతాంది!"

అప్పుడు గుర్తొచ్చింది సంచి.

"సార్... జర కిందికి రండ్రి."

"ఎందుకు?"

"వాడు... మనోడే సార్."

సారు దిగారు. సంచి విప్పి, తువ్వాల తీసి, పసుపూ కుంకుమలతో పెళ్లికొడుకులా ఉన్న పెట్టెను చేతిలోకి తీసుకున్నారు. అది ఏమీ ఎరగనట్టు గమ్మున ఉంది.

"గిదేంది?"

"ముహూర్తం సార్," అని జరిగిందంతా చెప్పాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక టీవీలే గతి అనుకున్నాను.

సారు నన్ను చూశారు, పెట్టెను చూశారు. ఉన్నట్టుండి గ్లైడర్ రెక్క పట్టుకుని పకపకా నవ్వారు.

"పెట్టెలు పనిజేస్తున్నయా, లేదా?"

"చేస్తున్నయి సార్."

"సీటు కింద దాక్కున్నోన్ని గూడ పట్టినయి. ఇంకేం గావాలె? ఎక్కు!"

టైము చూస్తే రాహుకాలం. నోరు మూసుకుని ఎక్కాను. పైన గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. కింద మూసీ, పత్తిచేలు, అరచేతిలో పట్టేంత కేతేపల్లి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇప్పుడు ఆ మైదానంలో ప్లాట్ల రాళ్లు పాతారు. సారు కూడా పోయారు. అటు బస్సులో పోతే ఇప్పటికీ తల పైకెత్తి చూస్తాను. ఆయన మీద బెంగ తీరదు.

ఆ రోజు కిందికి దిగాక ఆయన చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: సారును అడక్కుండా ఏ యంత్రానికీ ముహూర్తం పెట్టించను. మొన్న కొత్త ఫ్రిజ్ దించితే మా ఆవిడ మంచి గడియ చూడమంది. అడగడానికి సారు లేరు, ఒట్టు తప్పడానికి నాకు మనసు రాదు. పంచాంగం చూడకుండానే మీట నొక్కేశాను.