శుక్రవారం పదకొండింటి ఫోన్

చక్రపాణి నోట్లో నాలుక లేని మనిషి. అమెరికాలో, నేపర్‌విల్ అనే ఊళ్లో ఓ ఆసుపత్రికి డేటాబేస్ చూసే ఉద్యోగం. పెళ్లయిన మూడేళ్లకే భార్య విడాకులిచ్చి వెళ్లిపోయింది. తప్పెవరిదంటారా? అడక్కండి, ఆయనకే తెలియదు. అప్పట్నుంచీ అపార్ట్‌మెంటూ, పన్నెండు మైళ్ల డ్రైవూ, ఆసుపత్రి బేస్‌మెంటులో సర్వర్ల గదీ, అంతే ఆయన లోకం. ఆ గదిలో ఏసీ హోరు తప్ప పలకరించే దిక్కు లేదు.

డేటాబేస్ చూసేవాడి ఖర్మేమిటంటే, అన్నీ బాగా నడిచినంత కాలం వాడొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఏదైనా ఆగితేనే ఫోన్ వస్తుంది.

అలాంటి ఫోన్ ఒకటి 2005లో వచ్చింది. శుక్రవారం పదకొండింటికి పైన మందుల కౌంటర్‌లో స్క్రీన్లు బిగుసుకుపోయాయి. అక్కడ పనిచేసే మార్గరెట్ ఫోన్ చేసింది. చూస్తే, డేటా పెట్టుకునే చోటు నిండిపోయింది. వారం మొత్తం వివరాలు శుక్రవారమే వచ్చి పడతాయి మరి. చక్రపాణి చోటు పెంచాడు. సరిగ్గా నడుస్తోందో లేదో చూద్దామని కాసేపాగి పైకి వెళ్తే, అప్పటికి ఆవిడ బ్రేక్‌లో ఉంది. కుర్చీ జరిపి, కాఫీ ఇచ్చి, తన పిల్లి సంగతీ మోకాలి నొప్పి సంగతీ చెప్పింది. "మీ ఊళ్లో ఇప్పుడు వానలా?" అని అడిగింది. ఆయన్ని ఒకరు ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో!

నిజానికి ఒక్క సెట్టింగ్ ఆన్ చేస్తే, నిండినప్పుడల్లా చోటు దానంతటదే పెరుగుతుంది. ఈ పనిలో నిన్న చేరినవాడికీ తెలిసిన సంగతి. మన మహానుభావుడు ఆన్ చేయలేదు! వచ్చేవారం చేద్దాంలే అనుకున్నాడు. ఆ వచ్చేవారం తొమ్మిదేళ్లు సాగింది. ప్రతిసారీ, మళ్లీ శుక్రవారానికి నిండేంత చోటే ఇచ్చేవాడు.

2014లో ఆసుపత్రి వాళ్లు అంతా క్లౌడ్‌కి మార్చేద్దామన్నారు. అంటే డేటా ఇక వేరేవాళ్ల సర్వర్లలో అద్దెకుంటుంది. చోటు చాలకపోతే అదే పెంచుకుంటుంది. ఉద్యోగానికేం ఢోకా లేదని మేనేజర్ భరోసా ఇచ్చాడు. చక్రపాణి బెంగ ఉద్యోగం గురించి కాదు. ఇక శుక్రవారం తనను ఎవరు పిలుస్తారని.

మార్పు పనికి కొత్తగా వచ్చిన అనుష్క, గుంటూరమ్మాయి, పాత సెట్టింగులన్నీ చూస్తూ ఒకచోట ఆగింది.

"అంకుల్, ఇది ఆఫ్‌లో ఉందేంటి? ఎవ్రీ ఫ్రైడే మీరే మాన్యువల్‌గా స్పేస్ యాడ్ చేస్తున్నారా?"

"పాత వెర్షన్‌లో ప్రాబ్లం వచ్చేదమ్మా," అన్నాడు, తేలు కుట్టిన దొంగలా.

ఆ పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. "ఓకే అంకుల్," అని ఊరుకుంది.

క్లౌడ్‌కి మారాక వచ్చిన మొదటి శుక్రవారం పదకొండైంది. పదకొండున్నర కూడా అయింది. ఫోన్ పనిచేస్తోందో లేదోనని రిసీవర్ ఎత్తి చెవిదగ్గర పెట్టుకున్నాడు పాపం. పన్నెండింటికి ఇక ఉండబట్టలేక పైకి వెళ్లాడు.

"ఏం పాడైంది?" అంది మార్గరెట్ కంగారుగా.

"ఏమీ లేదు. ఊరికే వచ్చాను."

"హమ్మయ్య! ఇవాళ స్క్రీన్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు చక్రా. తొమ్మిదేళ్లుగా శుక్రవారమంటే నాకు గుండెల్లో దడే. కీమో చేయించుకుని వచ్చినవాళ్లు, నిలబడే ఓపిక లేనివాళ్లు, క్యూలో అలాగే ఉండిపోయేవారు. ఒకాయన ఇక్కడే కుప్పకూలాడు. తిట్లన్నీ నాకే. పాపం, వెంటనే బాగుచేసేది నువ్వొక్కడివే."

క్యూ అంతా వెళ్లిపోయాక వచ్చేవాడేమో, అలాంటి మనిషిని ఒక్కణ్నీ చక్రపాణి చూడలేదు. ఆవిడ మెచ్చుకోలు వింటూ నిలబడలేకపోయాడు.

"అది ఎప్పుడో బాగుచేసి ఉండొచ్చు. నేనే చేయలేదు," అన్నాడు.

"ఎందుకు?"

"మీరు ఫోన్ చేస్తారని."

మార్గరెట్ చేతిలోని మందుల డబ్బాని టక్కున బల్లమీద పెట్టింది. కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. "నువ్వే ఫోన్ చేసి కాఫీకి రమ్మంటే నేను వచ్చేదాన్నిగా చక్రా," అంది చివరికి.

ఆ సంగతి ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆయనకి తట్టలేదు. ఇప్పుడు రమ్మందామని నోరు తెరిచేలోగా, కౌంటర్ దగ్గరికి ఎవరో మందులచీటీతో వచ్చారు. ఆవిడ అటు తిరిగింది.