జోహరా బీ పిట్టలు, కనకవ్వ కళ్లు

కోరుట్లలో జోహరా బీని ఏం పెంచుతున్నావని అడిగితే "బటేర్" అంటుంది. ఎదురింటి కనకవ్వను అడిగితే "కౌజు పిట్టలు" అంటుంది. ఈ పేరు దగ్గర తప్ప ఆ ఇద్దరి మధ్యా ముప్పై ఏళ్లలో తగాదా అన్నది లేదు. పొద్దున్నే పసుపు కూలికి పోయే ముందు కనకవ్వ వచ్చి, బోనుల ముందు గొంతుక్కూర్చుని పిట్టల్ని తనివితీరా చూసి, ముచ్చట పెట్టి, చాయ తాగి వెళ్లేది. ఆమెకు చాయ పొయ్యనిదే జోహరా బీకి తెల్లవారినట్టు ఉండేది కాదు.

జోహరా బీ బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. చూపు మందగించి, ఆకుకు బదులు వేలు కత్తిరించుకున్నాక ఆ పని మాని, వెనక గదిలో రెండు వందల పిట్టల్ని పెట్టుకుంది. గుప్పెట్లో పట్టేంత పిట్టలు. వాటిని కళ్లలో వత్తులు వేసుకుని సాకింది. నీళ్లు కూడా తను ఒక గుక్క తాగి చూశాకే పోసేది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ప్రేమంటే అంతే.

చలి మొదలైన వారానికి, ఒక శుక్రవారం పొద్దున మూడు పిట్టలు చచ్చి పడి ఉన్నాయి. రోగం లేదు, గాయం లేదు. ముందురోజు సాయంత్రం దాకా గింజలు ఏరుకు తిన్నవే. పై శుక్రవారం ఐదు పోయాయి. ఆడబిడ్డ గజాలా చూడ్డానికి వచ్చి, ఇది నజరేనని, రోజూ పొద్దున్నే వచ్చి చూస్తున్నదెవరో ఆలోచించుకొమ్మని ఒక మాట అనేసి తన దారిన తాను పోయింది. నరుడి కంటికి నాపరాళ్లే పగులుతాయంటారు, ఇవి పిట్టలాయె. జోహరా బీ ఆ మాట నమ్మలేదు. నమ్మకుండా ఉండనూ లేకపోయింది.

మర్నాడు కనకవ్వ గడపలో అడుగు పెట్టగానే బోనుల మీద పాత దుప్పటి కప్పేసింది.

"చలిగదా," అంది.

కనకవ్వ దుప్పటిని చూసింది, ఆమె మొహం చూసింది. "అవునే, చలే," అని చాయ తాగకుండానే వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. దారిన పోతున్నా ఆ ఇంటివైపు తల తిప్పేది కాదు. ఆమె కూతురు శారద కాన్పుకు వచ్చిందని, ఆడపిల్ల పుట్టిందని జోహరా బీకి ఇరుగుపొరుగు చెబితేనే తెలిసింది. పాపను చూడాలని ఉంది, కానీ ఏ మొహం పెట్టుకుని పోతుంది?

కనకవ్వ రావడం మానింది కదా, చావులు ఆగాలి కదా? ఆగలేదు సరికదా, ఇప్పుడు రోజూ చస్తున్నాయి. జోహరా బీ చచ్చినవాటిలో నాలుగింటిని అట్టపెట్టెలో పెట్టుకుని జగిత్యాల బస్సెక్కింది.

"నాకు మందు వద్దు డాక్టరమ్మా," అంది పశువుల డాక్టరు మంజులతో. "ఎందుకు సచ్చినయో చెప్పు, చాలు. ఒక మనిషి మీద అనుమానపడ్డ."

డాక్టరు ఒక పిట్టను కోసి చాలాసేపు చూసింది. "పొగ తగిలిందమ్మా. ఇంట్ల కట్టెల పొయ్యా?"

"గ్యాసు. మా ఇంట్ల పొగే ఉండది, ఊదు తప్ప."

డాక్టరు తలెత్తింది. "ఊదు ఎప్పుడేస్తరు?"

"బేస్తారం బేస్తారం, శుక్రారం ముంగటి మాపటికి. గిప్పుడు దిష్టి పోవాల్నని రోజు ఏస్తున్న. పిట్టల అర్రల కుంపటి పెట్టి..."

"కిటికీలు?"

"చలికి మూసిన," అంది జోహరా బీ. అంటూనే ఆగిపోయింది.

"మనకు వాసన అమ్మా. మూసిన అర్రల బొగ్గుల పొగ వాటి పాణం తీస్తది. ఊపిరితిత్తులు ఎంతున్నయో సూడుండ్రి." అవి డాక్టరు వేలి గోరంత ఉన్నాయి.

జోహరా బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొంత పిట్టల కోసం, ఎక్కువ కనకవ్వ కోసం.

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఎదురింటికి నడిచింది. కనకవ్వ గుమ్మం బయట చేటలో బియ్యం చెరుగుతోంది.

"కనకవ్వా, నీ కండ్లు గాదే. నా ఊదు పొగ. నేనే సంపుకున్న. డాక్టరమ్మ కోసి సూపెట్టింది. నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నజెయ్యి."

కనకవ్వ తిట్టలేదు. చేట కింద పెట్టి, చిన్నపిల్లలా అడిగింది: "అయితే నా కండ్లు మంచియేనా?"

లోపల పాప ఏడుస్తోంది. శారద తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"పాప పుట్టి తొమ్మిది రోజులాయె పెద్దమ్మా. అమ్మ నీళ్లు కాగవెడ్తది, బట్టలు ఉతుకుతది, అర్రలకు మాత్రం రాదు. మనుమరాలిని ఒక్కపారన్న సూడలే. నా కన్ను మంచిది గాదు బిడ్డా అంటది."

జోహరా బీ చెప్పులు విడిచి లోపలికి పోయింది. పాపను ఎత్తుకొచ్చి కనకవ్వ ఒళ్లో పెట్టింది. కనకవ్వ కళ్లు గట్టిగా మూసుకుంది.

"తెరువే."

"భయమైతంది జోహరా."

"నా మీద ఒట్టు, తెరువు."

కనకవ్వ తెరిచేసరికి పాప ఏడుపు మాని ఆమెనే చూస్తోంది.